లేని గొట్టం పోయింది

ఆ శనివారానికి డెట్మర్ వేసుకున్న ప్రణాళికలో కంగారు పడటానికి పావుగంట మాత్రమే ఉంది. తొమ్మిదికి వెస్టర్‌హామ్ చర్చికి చేరడం, తొమ్మిదింబావు దాకా కంగారు పడటం, ఆ తర్వాత పన్నెండు వరకు సాధన, భోజనం, చిన్న కునుకు, సాయంత్రం అయిదింటికి కచేరీ. ఇదంతా ముందురోజే ఒక కాగితం మీద రాసి కోటు జేబులో పెట్టుకున్నాడు. అతని భార్య వీబ్కె ఆ కాగితం చూసి, "కంగారుకి పావుగంటేనా? మిగతా రోజంతా ఏం చేస్తావు మరి?" అంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. డెట్మర్‌కి నలభై ఏడేళ్ళు. పట్నంలో సంగీత పాఠశాలలో పిల్లలకి పియానో నేర్పుతాడు. పాఠాలు లేనప్పుడు కంగారు పడతాడు. ఆ రెంటి మధ్యా సందు దొరికితే కొత్త సంగీతం రాస్తాడు. వెస్టర్‌హామ్ చర్చివాళ్ళు తమ ఆర్గన్‌కి మూడువందల ముప్ఫై ఏళ్ళు నిండుతున్నాయని, దానికోసం ఒక కొత్త రచన కావాలని పోయిన చలికాలంలో ప్రకటించారు. డెట్మర్ దరఖాస్తు పెట్టుకుంటూ, "ఈ ఆర్గన్ నాకు చిన్నప్పటినుంచీ కొట్టినపిండి" అని రాశాడు. నిజానికి తొమ్మిదేళ్ళప్పుడు మేనత్త పెళ్ళికని వెళ్ళి, ఆ ఆర్గన్ కింద బల్లమీద నిద్రపోయాడు. వాళ్ళిద్దరికీ ఉన్న పరిచయం అంతే.

రచనకి ఏడు నెలలు పట్టింది. పదకొండు నిమిషాల సంగీతం. ఎడమపాదం మొదట్నుంచీ చివరిదాకా అన్నిటికంటే అడుగున ఉండే నల్ల కాలిమెట్టును, అంటే సి షార్ప్‌ని, తొక్కిపట్టి ఉండాలి. ఆ ఒక్క స్వరం మీదే చేతులు రెండూ రకరకాల కట్టడాలు లేపుతాయి, కూల్చుతాయి. సాధన చేసుకోడానికి రమ్మని చర్చివాళ్ళు రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ రచన సగంలో ఉండటంతో డెట్మర్ తనకి జలుబని రాశాడు. చివరి గీత పెట్టింది మొన్న గురువారం.

చర్చి కాపలాదారు ఓకో తలుపు తీసి, ఆ ప్రాంతపు పలకరింపుగా "మోయిన్" అన్నాడు. డెట్మర్ "మోయిన్" అన్నాడు. ఓకోకి ఒక పూటకి అంత మాట చాలు. అతను ఇత్తడి దీపస్తంభాలు తోముకోడానికి వెళ్ళిపోయాడు. డెట్మర్ చెక్కమెట్లెక్కి ఆర్గన్ ముందు కూర్చున్నాడు. గాలిమర మీట నొక్కగానే ముసలి ఛాతీలోకి ఊపిరి వెళ్ళినట్టు చప్పుడయింది. కాగితాలు సర్దుకుని, కళ్ళు మూసుకుని, ఎడమపాదం దించాడు.

పాదం ఉత్త చెక్కమీద పడింది.

చీకట్లో మెట్టు కోసం తడుముకున్నట్టు అటూ ఇటూ జరిపాడు. ఇటుపక్క సి తగిలింది, అటుపక్క డి తగిలింది. కిందికి వంగి ఫోను దీపం వేసి చూశాడు. రెంటి మధ్యా నల్ల కాలిమెట్టు ఉండాల్సిన చోట కొంత దుమ్ము, ఎవరో వృద్ధురాలి సంచీలోంచి దొర్లిన పిప్పరమెంటు బిళ్ళ ఒకటి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలపు ఆర్గన్లకి అడుగున కొన్ని నల్ల మెట్లు పెట్టేవాళ్ళే కాదు. ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం కావాలి, అప్పటి పాటలకి వాటితో పనిలేదు. పనిలేని స్వరానికి పదహారడుగుల గొట్టం పోతపోసేంత తెలివితక్కువవాళ్ళు కాదు వాళ్ళు. ఈ సంగతి డెట్మర్‌కి పాతికేళ్ళుగా తెలుసు. కాలేజీ పరీక్షలో ఇదే ప్రశ్నకి పూర్తి మార్కులు కూడా తెచ్చుకున్నాడు.

భార్యకి ఫోన్ చేశాడు.

"వీబ్కె! లేదు!"

"ఏది లేదు? ఎక్కడున్నావు?"

"సి షార్ప్ గొట్టం! అడుగుది! పదహారడుగులది! అంతా వెతికాను, ఎక్కడా లేదు!"

"అంత గొట్టం ఎక్కడికి పోతుంది?"

"పోయింది వీబ్కె, అంతా పోయింది!"

ఎత్తైన కప్పు ఉన్న చర్చిలో గుసగుసలాడితేనే బలిపీఠం దాకా వినిపిస్తుంది. డెట్మర్ గుసగుసలాడలేదు. కింద ఇత్తడి ఖణేల్‌మంది. ఇరవై ఏళ్ళుగా ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కే ఓకో, రెండేసి మెట్లు దాటుకుంటూ పైకొచ్చాడు.

"మాస్టారూ, గొట్టం పోయిందా?"

"నా తెలివితక్కువతనం ఓకో, ఆ గొట్టం ఎప్పుడూ లేదు" అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. కానీ కొట్టినపిండి అని రాసిన చెయ్యి అతనిదే కదా.

"పోయిందని కాదు... లేదు."

"రెంటికీ తేడా ఏంటండీ?"

"ఉండాల్సిన చోట లేదు."

"నిన్న ఉందా?"

"నిన్న నేను రాలేదుగా."

"మొన్న?"

"మొన్నా రాలేదు."

ఓకో కళ్ళు చిన్నవి చేశాడు. "పదహారడుగులు. ఒక్కడి పని కాదిది" అని తనలో తనే అనుకుని చరచరా దిగిపోయాడు. డెట్మర్ తేరుకుని వెనకాల పరిగెత్తేసరికి ఓకో సైకిలు ఇటుకల వీధి మలుపు తిరిగిపోయింది.

పావుగంటకల్లా కబురొచ్చింది. "థేడాగారు టీకి రమ్మంటున్నారు."

థేడా ఔకెన్స్ చర్చి సంఘం పెద్ద. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ రమ్మంటే పాస్టరే రొట్టె తింటున్న చేత్తో బయల్దేరతారు. డెట్మర్ వెళ్ళి ముందుగదిలో కూర్చున్నాడు. ఆవిడ కప్పులో పటికబెల్లం ముక్క వేసి వేడి టీ పోస్తే అది చిట్లింది. ఆ చిన్న చప్పుడుకే అతను ఉలిక్కిపడ్డాడు.

"పోయిన నెల పక్కూళ్ళో వాననీళ్ళ రాగి గొట్టాలు పీక్కుపోయారు. ఇప్పుడు దేవుడి సొమ్ము మీద పడ్డారు" అంది థేడా.

"థేడాగారూ, అసలు ఆ గొట్టం ఎవరూ..."

"ఎవరూ ఒప్పుకోరు, నాకు తెలుసు. అయినా నాయనా, పదహారడుగుల గొట్టాన్ని చంకలో పెట్టుకుని మా ఇంటిముందునుంచి పోతే నాకు కనపడదా? ఈ కిటికీలోంచి చూస్తే ఎవరింటి పిల్లి ఎవరింటికి పోతోందో చెప్పగలను నేను!"

"అది కాదండీ, దాన్ని తయారుచేసినవాడే..."

"వాడు పైనుంచి చూస్తూ ఏడుస్తుంటాడు పాపం. తాగు, చల్లారిపోతుంది."

డెట్మర్ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. చూస్తే నిజం కక్కేస్తానని భయం. అందుకని గది మూలన తెల్లరంగు వేసి, నేలనుంచి కప్పుదాకా నిలబడి ఉన్న నీళ్ళ గొట్టం మీద చూపు నిలిపి కూర్చున్నాడు. థేడా అతని చూపు వెంట చూసింది. కప్పు నింపింది. మళ్ళీ నింపింది. చాలనుకున్నవాళ్ళు చెంచా కప్పులో పెట్టాలి. అది ఆ ప్రాంతంలో ఉగ్గుపాలతో వచ్చే జ్ఞానం. డెట్మర్‌కీ తెలుసు. కానీ చెంచాని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"ఆ నీళ్ళ గొట్టంలో ఏం కనిపిస్తోంది నీకు?" అంది థేడా నాలుగో కప్పు దగ్గర.

"ఏం లేదండీ."

"అయితే తాగు."

ఆరో కప్పు నడుస్తుండగా పాస్టర్ ఫ్రౌకె వచ్చారు. ఆవిడ వయసు ముప్ఫై ఆరు. వానకోటు విప్పకుండానే సంగతంతా విని, గొట్టం ఎంత పొడుగో, ఏ స్వరమో అడక్కుండానే ఫోన్ తీసి ఊరి వాట్సాప్ బృందంలో ఇలా పెట్టారు: 'మన ఆర్గన్ గొట్టం ఎవరి దగ్గర ఉందో దేవుడికి తెలుసు. ఈ మధ్యాహ్నం మూడులోపు చర్చి వాకిట్లో పెడితే మనుషులెవరూ ఏమీ అడగరు.'

"పోలీసులకి కూడా చెప్పేశాను. నాలుగింటికి వస్తారట. మాస్టారి వాంగ్మూలం కావాలన్నారు" అన్నాడు గుమ్మంలోంచి ఓకో. ఆ పూటకి అతను ఏడాది మాటలు వాడేసినట్టున్నాడు.

వాంగ్మూలం అన్న మాట వినగానే డెట్మర్ చెంచాని కప్పులో పడేసి లేచాడు. పోనిదాన్ని పోయిందని సంతకం పెడితే ఏ శిక్ష వేస్తారో అతనికి తెలియదు. చర్చికి తిరిగొచ్చి ఆర్గన్ ముందు కూర్చుని ఫోన్లో ఆ శిక్ష ఏమిటో వెతుకుతుంటే, కింద తలుపు కిర్రుమంది.

రొట్టెల దుకాణం గ్రేట్యె నిలబడి ఉంది. చేతిలో తెల్లగుడ్డ చుట్టిన మూరెడు గొట్టం.

"మా మామగారు తెచ్చారండీ, యాభై ఏడులో ఆర్గన్ బాగుచేసినప్పుడు. పనివాళ్ళు పారేశారని చెప్పేవారు. పారేశారో, ఈయనే తీశారో... ఇన్నాళ్ళూ పూలు పెట్టుకున్నాను. మరకలేం లేవు, కడిగాను."

"అమ్మా, ఇది కాదు..."

"ఇది కాదా?" అంది గ్రేట్యె. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఇంకోటుందని మీకెవరు చెప్పారు?" అని వెళ్ళి రెండోదీ తెచ్చింది.

అక్కణ్ణుంచి వాకిలి తెరిపి లేకుండా నిండింది. ఒకాయన గొడుగులు పెట్టుకునే గొట్టం తెచ్చాడు. ఇంకొకాయన పరదా కర్ర తెచ్చి, పరదా మాత్రం తీసుకుపోయాడు. ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు జానెడు గొట్టం తెచ్చి, నలభై ఏళ్ళుగా రిఫరీ దీన్నే ఊదుతున్నాడని ఒప్పుకున్నారు. ఒకావిడ తెచ్చినదాని మీద కోళ్ళు పడుకునేవట, అది చూస్తేనే తెలుస్తోంది. మనుషులెవరూ ఏమీ అడగరని పాస్టరు రాసినా, వచ్చినవాళ్ళంతా ఎవరూ అడక్కుండానే డెట్మర్‌కి అన్నీ చెప్పేస్తున్నారు.

"మీరొచ్చింది ఇందుకేనని మాకు తెలుసులెండి. సంగీతమనేది పైకి చెప్పేమాట" అని పరదా కర్రాయన చెవిలో అన్నాడు.

"లేదండీ, నిజంగా సంగీతమే!"

"అలాగే అనాలి. మీ ఉద్యోగం అలాంటిది" అని కన్నుకొట్టి వెళ్ళిపోయాడు.

రెండు దాటాక వచ్చినవి వేరు. అవి చేతుల్లో రాలేదు. దుప్పట్లు కప్పుకుని, తోపుడుబళ్ళ మీద, ఒకటి పడవకి కట్టే బండిమీద వచ్చాయి. ఏడడుగులు, ఎనిమిదడుగులు. దుప్పటి తీస్తే పాత తగరం, గొట్టం నోటి చుట్టూ బంగారు పూత. పాస్టర్ ఫ్రౌకె మొదటిదాన్ని చూసి మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. మూడోది వచ్చేసరికి లోపలికి పరిగెత్తి చర్చి పాత పుస్తకం తెచ్చారు.

"పందొమ్మిది వందల పదిహేడు. 'ముందు వరస పెద్ద గొట్టాలు ఏడు, ఫిరంగుల కోసం సైన్యానికి అప్పగించడమైనది, వాటి చోట రేకు గొట్టాలు పెట్టడమైనది' అని అప్పటి పాస్టరు సంతకం చేశారు!"

"అప్పగించలేదమ్మా. మా ముత్తాతలు ముందురోజే ఇంటికొకటి దాచేశారు. పాస్టరుగారు పాపం అప్పగించామని రాసేశారు. యుద్ధం అయ్యాక తిరిగిద్దామంటే, ఆయన అబద్ధం రాశారని బయటపడుతుందిగా. ఆయన పోయేదాకా ఆగుదామనుకున్నారు. ఆయన తొంభై ఆరేళ్ళు బతికారు. అప్పటికి దాచినవాళ్ళు పోయారు" అన్నాడు బండి తోసుకొచ్చిన రైతు టోపీ చేతుల్లో నలుపుకుంటూ.

మూడున్నరకి పెద్దవి ఆరు, చిన్నవి పదహారు. డెట్మర్ ఇక ఉండబట్టలేక పాస్టరును చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

"పాస్టరమ్మా, నన్ను క్షమించండి. గొట్టం ఎవరూ ఎత్తుకుపోలేదు. అసలెప్పుడూ లేదు. చేసినవాడే పెట్టలేదు. నేను చూసుకోకుండా లేని స్వరానికి రాసుకొచ్చాను. ఈ ఆర్గన్ నాకు కొట్టినపిండీ కాదు, పాడూ కాదు."

ఫ్రౌకె తలుపు సందులోంచి వాకిలి వంక చూశారు.

"ఇది ఇంకెవరికైనా చెప్పారా?"

"మా ఆవిడకి, ఇందాక మళ్ళీ ఫోన్ చేసి."

"ఆవిడ నోరు జారే మనిషా?"

"కాదండీ. వెటకారం ఎక్కువ, అంతే."

"అయితే ఐదింటిదాకా మీరూ మెదలొద్దు. ఆరొచ్చాయి. ఏడోది రావాలి."

"పోలీసాయన వస్తున్నాడండీ! సంతకం పెట్టమంటాడు!"

"అబద్ధం చెప్పకండి. అడిగినదానికి మాత్రం జవాబివ్వండి."

"మరి నా రచన? అడుగు స్వరమే లేకపోతే అది ఎలా నిలబడుతుంది? పొద్దుటినుంచీ చస్తున్నాను!"

"అర శ్రుతి దించి వాయించండి. ప్రతి ఆదివారం మేం చేసేది అదేగా, మావాళ్ళ గొంతులు పైకి అందవు."

డెట్మర్ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. అర శ్రుతి దించితే సి షార్ప్ కాస్తా సి అవుతుంది. సి ఉంది. మొదట్నుంచీ ఉంది, ఉదయం అతని పాదానికి తగిలింది కూడా. ఆరు గంటల పాటు ఊరంతటినీ అల్లకల్లోలం చేసిన మనిషికి ఆ చిన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

నాలుగింటికి పోలీసాయన పుస్తకం తెరుచుకుని వచ్చాడు.

"ఫిర్యాదు ఎవరిది?"

"నాదే... అంటున్నారండీ" అన్నాడు డెట్మర్.

"ఏది లేదు?"

"ఒక గొట్టం లేదండీ." ఇంతవరకు నిజమే.

పోలీసాయన వాకిట్లో ఇరవై రెండు గొట్టాల వంక చూశాడు. "వీటిలో ఉందా?"

"లేదండీ." ఇదీ నిజమే.

"అంటే, లేనిది ఒకటి. దొరికినవి ఇరవై రెండు. దొరికినవాటిలో లేనిది లేదు." పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఆయన పుస్తకం మూసేశాడు. "దీని సంగతి సోమవారం చూద్దాం."

"సోమవారం వస్తారా?" అన్నాడు డెట్మర్ పాలిపోయి.

"సోమవారం నాకు సెలవు" అని ఆయన వెళ్ళి వెనక బల్లమీద కచేరీకి చోటు పట్టుకున్నాడు.

ఐదుకి పది నిమిషాలుందనగా వాకిట్లో జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. ఓకో తోపుడుబండి తోస్తుంటే, పక్కన నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని థేడా నడిచి వస్తోంది. బండిమీద మంచి టేబుల్‌గుడ్డ కప్పిన ఎనిమిదడుగుల గొట్టం. గుడ్డ తొలగినచోట తెల్లరంగు కనిపిస్తోంది. ఆవిడ ఎవరి వంకా చూడకుండా తిన్నగా డెట్మర్ దగ్గరికి వచ్చింది.

"నీకెలా తెలిసింది నాయనా?"

"ఏదండీ?"

"నటించకు. ఆరు కప్పుల టీ తాగుతూ దానివంకే చూశావు. ఒక్కమాట అనలేదు. నా డెబ్భై ఎనిమిదేళ్ళలో నన్నింత మర్యాదగా దొంగ అన్నవాళ్ళు లేరు."

"థేడాగారూ, ఒట్టు, నాకేం..."

"మా అమ్మ దానికి రంగేసింది. నేను సంఘానికి పెద్దనయ్యాను. పెద్దనయ్యాక ఇంకెలా తేను చెప్పు? ముప్ఫై ఏళ్ళు నీళ్ళ గొట్టమని అబద్ధం చెప్పాను. మా ఇంట్లో ఆ మూలకి నీళ్ళే రావు." ఆవిడ గుడ్డని మళ్ళీ సరిగా కప్పింది. తర్వాత వెనక్కి తిరిగింది. "ఏం చూస్తున్నారందరూ? మీరేదో పూలు తెచ్చినట్టు!"

పాస్టర్ ఫ్రౌకె వేలితో ఏడోది లెక్కపెట్టుకుని చేతిరుమాలు వెతుక్కున్నారు.

డెట్మర్ మెట్లెక్కాడు. ఎడమపాదం సి మీద పెట్టాడు. ఆ స్వరం చెవికంటే ముందు బల్లల్లోకి, బల్లలమీంచి మనుషుల ఎముకల్లోకి పాకింది. తర్వాత అతనికి ఊపిరి తిప్పుకునే తీరిక లేదు. కాగితం మీద ఒకటుంటే వేళ్ళు అరశ్రుతి కిందిది వెతుక్కోవాలి. ప్రతి వేలునీ, ప్రతి క్షణాన్నీ మనసులో తిరగరాసుకోవాలి. మొదటి నిమిషంలో రెండుచోట్ల తప్పాడు. ఆ తర్వాత తప్పులున్నాయో లేవో చూసుకునే సందు కూడా లేకపోయింది. ఆ పాత శ్రుతిలో కొన్ని కలయికలు నీళ్ళలా నిర్మలంగా పలికాయి, కొన్ని తోడేళ్ళలా ఊళపెట్టాయి. ఏడు నెలలు పియానో మీద అతను వెతికి దొరకనివి రెండూ అక్కడ ఉన్నాయి. పాదం ఎత్తినప్పుడు, పదకొండు నిమిషాలుగా తను దేనికీ భయపడలేదని అతనికి తెలిసింది. ఊహ తెలిశాక ఇదే మొదటిసారి.

చప్పట్లు ఆగాక, ఆ ధైర్యం చల్లారకముందే, పైనుంచే కటకటాలు పట్టుకుని గట్టిగా చెప్పేశాడు. "మీకో నిజం చెప్పాలి. గొట్టం ఎవరూ దొంగిలించలేదు. ఆ గొట్టం ఎప్పుడూ లేదు. తప్పంతా నాదే. మీలో ఎవరి తప్పూ లేదు!"

గ్రేట్యె కళ్ళొత్తుకుంది. పరదా కర్రాయన తల పంకించాడు. ముందు బల్లమీద థేడా పక్కావిడ వైపు వంగి, కొత్త సంగీతానికి చెవులు దిబ్బడవేసి ఉండటంతో కొంచెం గట్టిగానే అంది:

"చూశావా, ఎంత సంస్కారమో! మన పరువు కాపాడటానికి దేవుడి ఎదుటే అబద్ధమాడుతున్నాడు."

మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి. ఈసారి సంగీతానికి కొట్టినవాటికంటే ఎక్కువసేపు సాగాయి. డెట్మర్ మరో రెండుసార్లు "నిజమండీ!" అని అరిచాడు. అరిచినకొద్దీ జనం లేచి నిలబడ్డారు.

మూడు వారాలకి పక్క ఊరి చర్చినుంచి అతనికి ఒక ఉత్తరం వచ్చింది. తమ ఆర్గన్‌కి కూడా డెట్మర్‌గారు విచ్చేయాలని, రచన ఏదీ అవసరం లేదని, ఒక ఉదయం పైకెక్కి ఏదో ఒక గొట్టం లేదని ఫోన్లో గట్టిగా చెబితే చాలునని రాశారు. వీబ్కె ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, ఫోనుకి అవతలిపక్క ఉండటానికి తనకేమీ అభ్యంతరం లేదంది.